బస్సు లేదండీ

పేట బస్టాండు ఎదురుగా కొత్తగా వెలిసిన టీ కొట్లో కూర్చోవడానికి బల్లలు లేవు. ఏదో పాత కారు వెనక సీటు పీకి తెచ్చి, ఇటుకల మీద నిలబెట్టి, దాన్నే బల్ల అనుకోమన్నాడు కొట్టువాడు. డోలు పక్కన దింపి కూలబడ్డాను. చెయ్యి ఆనించబోతే వేళ్లకు ఓ చిరుగు తగిలింది. వంపు తిరిగిన చిరుగు, సరిగ్గా డోలు అంచు ఒరుసుకునే చోట. తలతిప్పి చూడక్కర్లేకపోయింది. ఆ చిరుగు చేసింది నేనే. ఏళ్ల తరబడి ఆ సీటుకు కుడివైపున కూర్చుని, డోలు పక్కన ఇరికించుకుని, ప్రతి గతుక్కీ రోడ్లేసినవాణ్ని తిట్టుకుంటూ చేశాను.

"ఎక్కడిదయ్యా ఈ సీటు?" అన్నాను.

"పాత సామాన్లవాడి దగ్గర కొన్నానండి. మెత్తగా ఉంది కదండీ!"

మెత్తగా ఉందట! దాని మెత్తదనం సంగతి నన్నడగాలి.

ఆ కారు మా సాయిబన్నది. ఆయన పేరు చెప్పినా మీలో ఎవరూ "ఓహో, ఆయనా" అనరు. రేడియోలో వాయించిన మనిషి కాదు, శాలువాలు కప్పించుకున్న మనిషీ కాదు. పేట చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లిళ్లకు సన్నాయి వాయించాడు, నేను ఆయన పక్కన డోలు వాయించాను, ఆయన బావమరిది శ్రుతిపెట్టె పట్టుకున్నాడు. మా మేళమంతా ఆ ముగ్గురమే. ఆయన పోయి రెండు వానాకాలాలు దాటాయి. వాళ్లింట్లో ఆయన సన్నాయి గోడకు వేలాడుతూ కనిపించినా కన్ను చెమర్చలేదు గాని, ఈ పాడు సీటు మీద కూర్చోగానే కండువాతో కళ్లు తుడుచుకోవాల్సొచ్చింది.

మా వైపు పెళ్లికి సన్నాయి కావాలంటే సాయిబుల ఇళ్లకే వెళతారు. అందులో వింతేముందో నాకిప్పటికీ తెలీదు. పట్నం నుంచి వచ్చిన పెళ్లివారు ఆయన గడ్డం చూసి, ఆయన వాయిస్తున్న రాములవారి కీర్తన విని నోళ్లు తెరుచుకుంటే, మాకు వాళ్లే వింతగా కనిపించేవాళ్లు.

మనిషి సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. సన్నాయిని మా వదిన పాత చీర ముక్కలో చుట్టి చంకన పెట్టుకునేవాడు. సన్నాయికి బిగించే రెల్లు పీక మాత్రం ఎప్పుడూ బుగ్గలోనే. అది తడి ఆరకూడదు. బస్సులో కండక్టరుతో మాట్లాడినా, బేరాలు మాట్లాడినా, వదిన చేత చీవాట్లు తిన్నా, పీక బుగ్గనుండగానే. అందుకని ఆయన మాటలు సగం అర్థమయ్యేవి, సగం ఊహించుకోవాలి. నాకు మొత్తం అర్థమయ్యేవి. చెప్పానుగా, ఏళ్ల తరబడి పక్కన కూర్చున్నాను.

ఎక్కడికెళ్లినా ముందు గాలి చూసేవాడు. అరచెయ్యి ఎత్తి, కళ్లు చికిలించి, ఏ దిక్కు నుంచి వస్తోందో కనుక్కుని గాని కూర్చునేవాడు కాదు. మాఘ ఫాల్గుణాల్లో మా వైపు రోడ్ల పక్కనంతా మిరపకళ్లాలే. ఎండిన కాయను బస్తాల్లోకి తొక్కేటప్పుడు లేచే ఘాటు ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే ఆ రోజుకిక సన్నాయి పట్టనక్కర్లేదు. అందుకే పెళ్లివారు పంపిన ఎద్దుబండి ఎక్కగానే బండివాడికి దారి చెప్పేవాడు. "ఆ కళ్లానికి ఇవతల నుంచి పోనివ్వు నాయనా, గాలి అటు కొడుతోంది." బండివాడు విసుక్కునేవాడు. అన్న పట్టించుకునేవాడు కాదు. పొలాలకు అడ్డంపడి, చుట్టుతిరిగి, పొద్దుగూకే వేళకి ఊరు చేరేవాళ్లం. పెళ్లి మర్నాడు కాబట్టి తొందరేం ఉండేది కాదు.

ఊరి బయటే బండి దిగిపోయేవాడు. ఆయన పద్ధతి అది, వాళ్ల నాన్న పద్ధతీ అదేనట. దిగి, మొహం కడుక్కుని, పీక బిగించి, కల్యాణి రాగం ఎత్తుకునేవాడు. వాయించుకుంటూ నడిచే ఊళ్లోకి వెళ్లాలి. "మనం వచ్చినట్టు ఊరికి తెలియొద్దా తమ్ముడూ? దొంగల్లా పోయి పందిట్లో దూరడమేంటి?" అనేవాడు. మేం నడుస్తుంటే ఆడవాళ్లు పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మాల్లోకొచ్చేవాళ్లు. "మేళం వచ్చిందే! మేళం వచ్చింది!" అని ఒకరికొకరు కేకలేసుకునేవాళ్లు. ఆ నడకలో వాయించిన కల్యాణి ఆయన పందిట్లో ఒక్కసారైనా వాయించలేదు. పందిట్లోది పెళ్లివారి కోసం. ఇది ఆయన కోసం, అంతే.

ఇక ఆయనకు బొత్తిగా చేతకానిది ఒకటుంది. "రాను" అనడం. ఎవరైనా వచ్చి తాంబూలం అందించబోతే చాలు, మొహమాటానికి ఆ చేతులు వాటంతటవే ముందుకొచ్చేవి. తాంబూలం పుచ్చుకుంటే మాటిచ్చినట్టే కదా. ఆ గండం గట్టెక్కడానికి ఆయన దగ్గరున్నది ఒకే ఒక్క మాట. బండి దూరం దాటి, బస్సు కూడా పోని ఊరైతే, చేతులు వెనక్కి లాక్కుని, "మీ ఊరికి బస్సు లేదండీ" అనేవాడు. ఆ బస్సు లేకపోవడం తన తప్పే అయినట్టు ఎంతో నొచ్చుకుంటూ అనేవాడు. వచ్చినవాళ్లు కూడా "నిజమేలెండి, మాది అంత అడివే" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఎవరికీ కష్టం ఉండేది కాదు. ఆ సాయంత్రం అన్న ఇంట్లో ఉండేవాడు, వదిన కోడిగుడ్ల పులుసు పెట్టేది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒక శ్రావణంలో వాగు పొంగింది.

వినుకొండ వైపు పెళ్లి. పొద్దున ముహూర్తం. ముందురోజు ఇంకో పెళ్లి అప్పగింతలు ఆలస్యమై తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకున్నాం. వాగు దగ్గర బస్సు ఆగిపోయింది. నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నాం. మేం పోయేసరికి పెళ్లివారు విస్తళ్లు ఎత్తేస్తున్నారు. పెళ్లికూతురి తండ్రి మమ్మల్ని చూసి లేచొచ్చాడు. తిడతాడనుకున్నాను. నేను తిరిగి తిట్టడానికి సిద్ధంగానే ఉన్నాను, వాగు మా తాత తవ్వించింది కాదు కదా! ఆయన తిట్టలేదు.

"సాయిబు గారూ, ఇత్తడి కంచం మీద గరిటెతో కొట్టించి మా పిల్లకి తాళి కట్టించుకున్నామండీ" అన్నాడు. అనేసి, "భోంచేసి వెళ్లండి" అని కూడా అన్నాడు.

అన్న ఆ భోజనం ముట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పీక బుగ్గన లేదు. నేనది చూసి భయపడ్డాను.

ఆ తర్వాత తాంబూలాలు పట్టుకొచ్చేవాళ్లు కూర్చోకముందే అడగడం మొదలెట్టారు. "కారుందా సాయిబు గారూ?" నరసరావుపేట వైపు సన్నాయి వాయించే ఒకాయన కారు కొన్నాడట, ముహూర్తానికి గంట ముందే పందిరి ముందు దిగుతున్నాడట. ఒకరోజు మిరపకాయల వ్యాపారి ఒకాయన వచ్చి, పట్టుకొచ్చిన తాంబూలం పళ్లెం ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ వాయిద్యం మీద మాకు అనుమానం లేదండీ. రావడం మీదే అనుమానం" అన్నాడు.

"వస్తానండీ" అన్నాడు అన్న.

"బస్సులో కదండీ?"

అన్న పీకను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నాడు. వ్యాపారి పళ్లెం తీసుకుని లేచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాకిట్లోకి వెళ్లి వినపడేటట్టే, "సన్నాయి కావాలో టాక్సీ కావాలో ఇంట్లో తేల్చుకుని బయల్దేరాలి" అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు.

దూరాలు పెరిగాయి కాబట్టి కారు కొనక తప్పలేదని వాళ్ల బావమరిది ఇప్పటికీ అంటాడు. నేనొప్పుకోను. పేటకీ వినుకొండకీ మధ్య దూరం మా తాతల నాడు ఎంతో ఇప్పుడూ అంతే. రోడ్డేం సాగలేదు. మనుషుల ఓపికే కుంచించుకుపోయింది. ఒకడు కారులో రావడం మొదలెట్టగానే, నిన్నటిదాకా వేళకొచ్చిన మనిషి ఆలస్యంగా వచ్చేవాడైపోయాడు. అయినా ఇదంతా నా ఏడుపు. ఆ కంచం చప్పుడు తన చెవుల్లో మోగుతుంటే అన్న ఇంకేం చేస్తాడు?

పత్తి జిన్నింగు మిల్లు షావుకారు ఒకాయన వాడి వదిలేసిన నల్ల కారును అన్న కొన్నాడు. ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే గాని కదిలేది కాదు. కిటికీలకు అద్దాలు ఒకవైపు అసలు లేవు, రెండోవైపు ఉన్నవి పైకి రావు. బావమరిది స్టీరింగు దగ్గర, అన్న ముందు సీట్లో, నేనూ డోలూ వెనక.

"ఇక వాయించడం అయిపోగానే ఇంటికొచ్చి పడుకోవచ్చు తమ్ముడూ. ఊళ్లవాళ్ల అరుగుల మీద నడుములు విరగ్గొట్టుకోనక్కర్లేదు" అన్నాడు చిన్నపిల్లాడి సంబరంతో.

వదిన మాత్రం గుమ్మంలోంచి దిగలేదు. "ఇంటి పట్టున ఉండటానికట! మరిదీ, నువ్వైనా చెప్పలేదా? ఉన్న ఒక్క సాకూ పోగొట్టుకున్నాడు మీ అన్న" అంది నాతో.

ఆవిడ అన్నదే అయింది. కారున్న మనిషి "బస్సు లేదండీ" అని ఎలా అంటాడు? దాచేపల్లి వాళ్లొచ్చారు. కనిగిరి వాళ్లొచ్చారు. మేం పేరైనా వినని ఊళ్లవాళ్లొచ్చారు. తాంబూలాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే ఆ చేతులు అన్నీ అందుకున్నాయి. ఒకే రోజున ఒక ముహూర్తం అక్కడ, ఒక ముహూర్తం ఇక్కడ. అప్పగింతలకు ఉండేది లేదు, ముందురోజు చేరేది లేదు. తిండి కారులో, కునుకు కారులో. ఊరి బయట దిగడమనే మాటే లేదు. తిన్నగా పందిరి ముందు ఆగి, ఒళ్లు విరుచుకుంటూ దిగి, దుమ్ము దులుపుకుని కూర్చోవడమే. ఒకసారి ఊరి పొలిమేర దాటుతుంటే అన్న చెయ్యి డోరు పిడి మీదికి పోయింది. గడియారం చూసుకుని తీసేశాడు. అది చూసి నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

కల్యాణి ఏమైందని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడు పాపం!

ఇక మాఘమాసం వచ్చిందంటే నరకం. ఎద్దుబండైతే కళ్లాన్ని తప్పుకుని పోయేది. కారు రోడ్డు దిగదుగా! కళ్లాల పక్కనుంచే పోవాలి, ఆ ఘాటంతా కిటికీల్లోంచి మొహాన కొట్టించుకోవాలి. బుగ్గలో పీక గాలికి ఎండి ఎండి చీలిపోయేది. అన్న తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకునేవాడు. దగ్గు ముందు పొద్దుటిపూటే వచ్చేది. తర్వాత పూటా గీటా లేకుండా వచ్చింది.

అలాంటి మాఘంలోనే ఒక రోజు పొద్దున్నే వినుకొండ అవతల ఒక ముహూర్తం, మిట్టమధ్యాహ్నం పేట ఇవతల ఇంకో ముహూర్తం ఒప్పుకున్నాం. మొదటిది ముగించి కారులో పడ్డాం. దారి పొడుగునా కాయ తొక్కుతున్నారు. బావమరిది ఎక్కడా ఆపకుండా తోలుకొచ్చాడు. మేం పందిట్లో కూర్చునేసరికి పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకుంటున్నాడు. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం!" అని కేకేశాడు.

గట్టిమేళం ఎందుకో మీకు తెలుసు. తాళి ముడిపడే ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి దగ్గూ, ఎవరి ఏడుపూ ఎవరి చెవినా పడకూడదని. అశుభాన్ని కప్పెట్టడానికే మమ్మల్ని పిలిచేది.

అన్న సన్నాయి నోటికి ఆనించాడు. ఊపిరి తీశాడు. దగ్గొచ్చింది.

ఏం చెప్పమంటారు! నా చేతులకు ఏం పట్టిందో నాకే తెలీదు. డోలు పగిలిపోతుందేమో అన్నట్టు వాయించాను. పుల్ల పట్టిన చెయ్యి కనిపించనంతగా వాయించాను. బావమరిది శ్రుతిపెట్టెను చీల్చేటట్టు లాగుతున్నాడు. మా ఇద్దరి మధ్యన అన్న సన్నాయి మీదికి వంగి, భుజాలు ఎగిరిపడేలా దగ్గుతున్నాడు. దూరం నుంచి చూసేవాళ్లకు ఒళ్లు మరిచి వాయిస్తున్నట్టే ఉండి ఉంటుంది. మూడు ముళ్లూ పడ్డాయి. అక్షింతలు పడ్డాయి. అందరూ నవ్వుతూనే ఉన్నారు.

తిరుగుదారిలో బావమరిది, "ఏం ఫర్వాలేదు బావా, ఎవరూ కనిపెట్టలేదు" అన్నాడు.

"కనిపెట్టలేదనేరా నా భయం" అన్నాడు అన్న. వెనక్కి తిరిగి నావైపు చూశాడు. "నా దగ్గును దాచావు తమ్ముడూ. ఎన్నాళ్లని దాస్తావు?"

డోలు సర్దుకున్నట్టు నటించాను.

గుంటూరు డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఇక సన్నాయి ముట్టుకోవద్దన్నాడు. సన్నాయి మానేదేమిటి, కారే మానేస్తానన్నాడు అన్న. ఉన్న ఊపిరికి దగ్గర ఊళ్లే చాలన్నాడు. కారు అమ్మేసిన రోజు వదిన వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గేసింది. నిజం, పండగేం కాదు ఆ రోజు! ఆ తర్వాత వారంలోనే ఎక్కడో మార్కాపురం అవతలి వాళ్లు తాంబూలం పట్టుకొచ్చారు. అన్న చేతులు వెనక్కి లాక్కుని, పీక బుగ్గన పెట్టుకుని, ఎన్నాళ్లకో మళ్లీ అన్నాడు.

"మీ ఊరికి బస్సు లేదండీ."

అనేసి నావైపు చూసి కళ్లతోనే నవ్వాడు. కొన్నాళ్లు హాయిగా గడిచిన మాట వాస్తవం. దగ్గు పూర్తిగా పోలేదు గాని, నిద్రపోనిచ్చేది.

మరుసటేడు అదే మిరపకాయల వ్యాపారి మళ్లీ వచ్చాడు. ఈసారి తమ్ముడి కూతురి పెళ్లట, వినుకొండ అవతల మారుమూల పల్లెలో. అన్న ధీమాగానే ఉన్నాడు.

"మీ తమ్ముడు గారి ఊరికి బస్సు లేదండీ" అన్నాడు.

"బస్సెందుకండీ? మా కారు పంపిస్తాంగా! ఇంటి ముందు ఎక్కండి, పందిరి ముందు దిగండి."

నవ్వొచ్చింది అన్నకు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆ దగ్గులో ఆయన చేతులు ముందుకు చాచి ఉండగానే తాంబూలం వాటిలో పడింది. లోపల వదిన గిన్నె విసిరికొట్టిన చప్పుడు వినిపించింది.

కారు చెప్పిన వేళకే వచ్చింది. మంచి కారు, అద్దాలన్నీ పైకొచ్చేవే. దారంతా అన్న కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఊరు కనబడగానే కళ్లు తెరిచాడు.

"ఇక్కడాపవయ్యా" అన్నాడు డ్రైవరుతో.

"పందిరి ఇంకా లోపలుందండీ."

"తెలుసు. ఆపు."

దిగాడు. కాలవ నీళ్లతో మొహం కడుక్కున్నాడు. అరచెయ్యి ఎత్తి గాలి చూశాడు. చీర ముక్క విప్పి, సన్నాయికి పీక బిగించాడు. "వద్దన్నా" అన్నాను. ఆయన వినలేదు, నేనూ గట్టిగా అనలేదు. కల్యాణి ఎత్తుకున్నాడు.

ఎన్నేళ్లయిందో నేనది విని! నాలుగడుగులు నడవడం, ఆగడం, దగ్గు మింగుకోవడం, వదిలిన చోటునుంచే మళ్లీ అందుకోవడం. ఆగినప్పుడల్లా నేను డోలు మీద వేళ్లతో మెల్లగా తాళం నిలబెట్టాను. కల్వర్టు మీద ఒకసారి కూర్చున్నాడు. మిరపకాయ కోసి వస్తున్న కూలి ఆడవాళ్లు గంపలు దించి నిలబడిపోయారు. ముసలమ్మ ఒకతె గుడిసెలోంచి కర్ర పట్టుకుని బయటికొచ్చింది.

"మేళం వచ్చిందే! ఎన్నాళ్లకొచ్చిందే నడిచి, నా తల్లే!" అంది గుడిసెలోకి తిరిగి.

అన్న కళ్లు నిండాయి. ఆపలేదు. ఆ ముసలమ్మ గుమ్మం ముందు కాసేపు నిలబడి వాయించి గాని కదల్లేదు.

ఇంతలో పెళ్లింటి నుంచి ఒకతను పరిగెత్తుకొచ్చాడు. "ఇదేంటండీ సాయిబు గారూ! కారు పంపించింది నడిచి రావడానికా? అవతల ముహూర్తం ముంచుకొస్తుంటే!"

"చూస్తూనే ఉన్నావుగా వస్తున్నాం! మోసుకెళ్తావా ఏంటి?" అని కసిరాను. అన్న మాత్రం రాగం ముగించి, పీక తీసి బుగ్గన పెట్టుకుని, "పద నాయనా" అన్నాడు.

పందిట్లో కూర్చున్నాక నా వైపు వంగాడు. "నా దగ్గర ఇంకేం మిగల్లేదు తమ్ముడూ. నువ్వు చూసుకో."

పురోహితుడు చెయ్యెత్తాడు. అన్న సన్నాయి నోటికి ఆనించాడు. వేళ్లు రంధ్రాల మీద చకచకా ఆడుతున్నాయి, బుగ్గలు ఉబ్బుతున్నాయి, చుక్క నాదం లేదు. గట్టిమేళమంతా నా డోలే. నేను ఏడుస్తూ వాయించాను. ఆ హోరులో నా ఏడుపూ ఎవరి చెవినా పడలేదు.

తాళి పడగానే వ్యాపారి పొంగిపోతూ వచ్చాడు. "అదిరిపోయింది సాయిబు గారూ గట్టిమేళం! అందుకే కదండీ కారు పంపించి మరీ పిలిపించుకుంది!"

అన్న ఆయనకు నమస్కారం పెట్టాడు. తర్వాత నావైపు తిరిగి, పీక బుగ్గనుండగానే, "నీకే చెబుతున్నారు" అన్నాడు.

ఆయన మళ్లీ సన్నాయి పట్టుకోలేదు. వానలు పడుతుండగా పోయాడు. వాళ్ల శ్మశానం ఊరికి బాగా అవతల. బురద దారి, మిల్లు వ్యాను పంపిస్తానని షావుకారు కబురు చేశాడు. వదిన తలుపు చాటు నుంచే ఒక్క మాట అంది. "ఆయన్ని ఇవాళైనా నడిపించి తీసుకెళ్లండి." వానలోనే భుజాలు మార్చుకుంటూ మోసుకెళ్లాం. నేనూ మోశాను.

టీ చల్లారిపోయింది. గ్లాసు పక్కన పెట్టి ఆ చిరుగు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు నేను వాయించే మేళం పెద్దది, సన్నాయి కుర్రవాడికి సొంత కారుంది. రోడ్డు మీద ఆగి హారన్ కొట్టాడు. "బాబాయ్, రా రా, టైమైపోయింది!" డోలు ఎత్తుకుని వెళ్లి ఎక్కాను.

పెళ్లివారి ఊరు కనబడుతుండగా నోరు ఊరుకోలేదు. "ఇక్కడ దిగి వాయించుకుంటూ నడుద్దామా?" అన్నాను.

"నడవడమా! నాకింకో ముహూర్తం కూడా ఉంది బాబాయ్" అని నవ్వాడు. మంచివాడే. నవ్వులో ఎగతాళి లేదు.

పందిరి ముందుకు తెచ్చి ఆపి, రెండుసార్లు హారన్ కొట్టాడు. పక్కింటి లోపల్నుంచి ఒక ఆడగొంతు, గుమ్మంలో నిలబడ్డామెను అడిగింది.

"ఎవరే వచ్చిందీ?"

"ఎవరో లేవే. కారు."